కారు సైలెన్సర్, పొగ గొట్టం: విశాఖ కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ ఆయిలు మార్చే తేదీని గుర్తుపెట్టుకునేవారు కూడా కారు కింద సాగే గొట్టాన్ని, అది ఊడి రోడ్డు మీద ఈడ్చుకుపోయేదాకా పట్టించుకోరు. గాజువాక ఆటోనగర్‌లో కారును ర్యాంపు ఎక్కించినప్పుడు యజమానులు అడిగే ప్రశ్నలు, వాటికి మేము చెప్పే జవాబులు ఇవి. కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి. తుప్పు, కన్వర్టర్ (విషవాయువులను విరగ్గొట్టే భాగం), ఈ రెండింటి దగ్గరే ఈ ఊళ్లో డబ్బు ఎక్కువగా పోతుంది మరి.

సైలెన్సర్ అంటే వెనక కనిపించే గొట్టమేనా?

బంపరు కింద కనిపించేది కొస మాత్రమే. అసలు వ్యవస్థ ఇంజిన్ దగ్గరే మొదలవుతుంది. సిలిండర్ హెడ్‌కు బిగించిన మానిఫోల్డ్ అన్ని సిలిండర్ల నుంచి వచ్చే వేడి వాయువులను ఒకే దారిలోకి చేరుస్తుంది. ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సార్, కేటలిటిక్ కన్వర్టర్, దాని వెనక ఇంకో సెన్సార్ ఉంటాయి. ఇంజిన్ అదురు వెనక్కి పాకకుండా స్టీలు తీగ అల్లిక ఉన్న మెత్తని గొట్టం ముక్క ఒకటి ఉంటుంది. మధ్యలో చిన్న డబ్బా, వెనక పెద్ద డబ్బా, చివర కొస. వీటన్నిటినీ కారు అడుగున వేలాడదీసేవి రబ్బరు మౌంటింగులు.

మెకానిక్‌లు ఇదంతా కలిపి సైలెన్సర్ అనేస్తారు. అందుకే ‘సైలెన్సర్ పోయింది’ అని చెబితే ఏ ముక్క పోయిందో అడగండి. గ్యాస్కెట్ (అతుకులో వాయువు కారకుండా పెట్టే పలచని ముక్క) పోవడానికీ కన్వర్టర్ పోవడానికీ ఖర్చులో హస్తిమశకాంతరం ఉంటుంది.

పొగను బయటికి పంపడం తప్ప దీనికి వేరే పనేముంది?

చప్పుడు తగ్గించడం, విషవాయువులను చాలావరకు విరగ్గొట్టడం, మిగిలినవాటిని మీరు కూర్చున్న చోటికి దూరంగా వదలడం. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది ఇంకొకటి ఉంది. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో కారులోని కంప్యూటర్‌కు చెప్పేది కూడా ఈ గొట్టమే.

శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. మండిన తర్వాత వాయువులో ఆక్సిజన్ మిగిలిందా లేదా అన్నది ముందున్న సెన్సార్ చూసి, కంప్యూటర్‌కు కబురు పంపుతూ ఉంటుంది. దాన్నిబట్టి ఇంజెక్టర్లు పెట్రోలును పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. ఇప్పుడు సెన్సార్‌కు ముందు మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్నని చీలిక వచ్చిందనుకోండి. వాయువు అలలు అలలుగా వస్తుంది కాబట్టి, రెండు అలల మధ్య ఆ చీలికలోంచి బయటి గాలి లోపలికి పోతుంది. ‘ఆక్సిజన్ ఎక్కువుంది, పెట్రోలు చాలడం లేదు’ అని సెన్సార్ పొరబడుతుంది. కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోయిస్తుంది. మైలేజీ పడిపోయిందని వచ్చే కార్లలో కొన్నింటికి ఇంజెక్టర్లు శుభ్రం చేసి, స్పార్క్ ప్లగ్గులు మార్చి, చివరికి ఈ చీలిక దగ్గర ఆగాల్సి వస్తుంది. ముందే అక్కడ చూస్తే ఆ ఖర్చులన్నీ తప్పుతాయి.

పొద్దున స్టార్ట్ చేయగానే గొట్టంలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇంజిన్‌లోకి నీరు చేరిందా?

లేదు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టేది నీరే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు దాకా నీరు వస్తుంది. గొట్టం వేడెక్కాక ఆవిరిగా పోతుంది కాబట్టి కనిపించదు. చల్లగా ఉన్నప్పుడు చుక్కలుగా కారుతుంది. కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం తగ్గనంతవరకు భయపడాల్సిన పని లేదు.

విశాఖలో సైలెన్సర్ ఇంత త్వరగా ఎందుకు తుప్పు పడుతుంది?

రెండు వైపుల నుంచి దాడి జరుగుతుంది.

బయటినుంచి ఉప్పు గాలి. ఆర్కే బీచ్, పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి దారి పొడవునా కెరటాల తుంపర గాలిలో కలిసి వచ్చి ఇనుము మీద వాలుతుంది. అందులోని క్లోరైడు ఉక్కు మీది రక్షణ పొరను చిన్న చిన్న గుంటలుగా తొలుస్తుంది. సైలెన్సర్లకు వాడేది ఎక్కువగా క్రోమియం తక్కువగా ఉండే చవక రకం స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా అల్యూమినియం పూత పూసిన ఉక్కు. వంటింటి గిన్నెల్లో ఉండే రకం కాదు. అందువల్ల ‘స్టెయిన్‌లెస్ కదా, తుప్పెలా పడుతుంది’ అన్న వాదన ఇక్కడ నిలవదు.

లోపలినుంచి నీరు. ఇంతకుముందు చెప్పిన ఆ నీరే. ఎంవీపీ కాలనీ నుంచి బీచ్‌కు, అక్కడినుంచి కూరగాయలకు, మళ్లీ ఇంటికి వెళ్లే కారులో వెనక డబ్బా ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి అక్కడ చల్లబడి నీరై, డబ్బా అడుగున నిలుస్తుంది. మండిన ఇంధనం నుంచి వచ్చే ఆమ్లాలు అందులో కలుస్తాయి. పైకి కొత్తగా మెరుస్తున్న డబ్బా అడుగున వేలు పెడితే లోపలికి దిగబడిపోవడానికి కారణం ఇదే. రోజూ హైవే మీద తిరిగే కారు సైలెన్సర్ కంటే, వారానికి మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్లే కారు సైలెన్సర్ ముందుగా పోతుంది. రిటైరై ఇంట్లో ఉన్న పెద్దలకు ఈ మాట నచ్చదు గానీ నిజం.

చాలా డబ్బాలకు అడుగున పెన్సిలు మొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. అది లీకు కాదు, నీరు పోవడానికి కంపెనీ పెట్టిందే. దాన్ని ఎమ్‌సీల్‌తో మూసి తెచ్చిన కార్లు మా దగ్గరకు వస్తుంటాయి. మంచి ఉద్దేశంతోనే మూసి ఉంటారు, డబ్బా ఆయుష్షు మాత్రం దాంతో తగ్గిపోతుంది.

దానికి ఏం చేయాలి?

వారానికోసారి అయినా అరగంట ఆగకుండా నడపండి. బీచ్ రోడ్డులో కారు నిలిపేవారు పైన కడిగినట్టే అడుగున కూడా మంచినీటితో కడిగించండి. అండర్‌బాడీ కోటింగ్ (కారు అడుగున పూసే తారు పూత) వేయించేటప్పుడు సైలెన్సర్‌కు తగలకుండా కప్పమని చెప్పండి. వేడి గొట్టం మీద ఆ తారు మండి, రోజుల తరబడి కారులో కమురు వాసన కొడుతుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ర్యాంపు మీద మీరే ఒకసారి చూడండి. డబ్బా అంచు కుట్టు దగ్గర నారింజ రంగు పొరలు లేస్తున్నాయా, అతుకుల దగ్గర నల్లని మసి చార కనిపిస్తోందా? మసి చార ఉందంటే అక్కడ వాయువు బయటికి పోతోంది. చల్లారిన డబ్బాను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టిగా మోగితే రేకు బాగుంది. మొద్దుగా పలికి లోపల గలగలమంటే తుప్పు పొరలు రాలిపడుతున్నాయి.

వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా?

గొట్టం విరిగితే సరిపోతుంది. ఆటోనగర్‌లో అది పూట పని కూడా కాదు. డబ్బా రేకు పలచబడితే సరిపోదు. వెల్డింగ్ వేడికి పక్కన ఇంకో చిల్లు పడుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పమని గుర్తుచేయండి, లేకపోతే కంప్యూటర్ దెబ్బతినవచ్చు. రబ్బరు మౌంటింగ్ తెగితే ఇనుప తీగతో కట్టి వదిలేయకండి. బరువంతా మిగతా మౌంటింగుల మీద పడి, అదురు మానిఫోల్డ్‌దాకా పాకి అక్కడ పగులు తెస్తుంది.

కేటలిటిక్ కన్వర్టర్ లోపల అసలేముంది? అంత ఖరీదెందుకు?

స్టీలు కవచంలో, తేనెపట్టులాగా వేల సన్నని కాలువలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. ఆ కాలువల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులు. మూడూ కలిపి కొన్ని గ్రాములకు మించవు, ఖరీదంతా వాటిదే.

పెట్రోలు కారులో ఇది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. మండకుండా మిగిలిన హైడ్రోకార్బన్లను నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడులను విడగొట్టి మామూలు నైట్రోజన్‌గా వదులుతుంది. మొదటి రెండింటికీ ఆక్సిజన్ కావాలి, మూడోదానికి ఆక్సిజన్ అడ్డు. ఈ రెండూ పొసగాలంటే గాలి, పెట్రోలు పాళ్లు కత్తి అంచు మీద నడవాలి. అందుకే సెన్సార్ లేకుండా ఈ కన్వర్టర్ పనిచేయదు. అమెరికాలో స్థిరపడ్డ ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ హూడ్రీ 1950లలోనే కన్వర్టర్‌కు పేటెంటు పొందాడు. కానీ ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు, అది ప్లాటినాన్ని కప్పేసి పనికిరాకుండా చేసేది. అమెరికా కార్లలో ఇది విరివిగా రావడానికి 1975దాకా పట్టింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు అంతటా తప్పనిసరి అయింది 2000 ఫిబ్రవరిలో.

ఇంకో సంగతి. ఇది వేడెక్కితేనే పనిచేస్తుంది. సుమారు 250-300 డిగ్రీల సెల్సియస్ చేరేదాకా విషవాయువులు దాదాపు వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాలే అన్నిటికంటే మురికివి.

కన్వర్టర్ ఎందుకు పాడవుతుంది?

దానంతటది పాడవడం అరుదు, దాన్ని ఇంజినే చంపుతుంది. ఒక ప్లగ్గు సరిగా నిప్పురవ్వ వేయకపోతే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి పింగాణీ కరిగి ముద్దవుతుంది, దారి మూసుకుపోతుంది. కారు ఎత్తు ఎక్కదు, ఎనభై దాటి వేగం అందదు. ఇంజిన్ ఆయిలు తాగే కారులో ఆయిలులోని ఫాస్ఫరస్, కన్వర్టర్‌లోని ప్లాటినం రేణువుల మీద పొరగా పేరుకుంటుంది. బ్యాటరీ చచ్చిన కారును పదేపదే తోసి స్టార్ట్ చేయడం కూడా మంచిది కాదు, మండని పెట్రోలు అలాగే వెళ్లి చేరుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. అప్పుడు కారు పక్కకు ఆపడమే ఉత్తమం. ప్లగ్గు ఖర్చుతో పోయేది కన్వర్టర్ ఖర్చుగా మారడానికి పెద్ద దూరం పట్టదు.

కారు లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పి 0420 అని వస్తే కన్వర్టర్ బలహీనపడిందని కంప్యూటర్ అనుమానిస్తోంది. అది అనుమానమే, తీర్పు కాదు. వెనక సెన్సార్ పాడైనా, గొట్టం లీకైనా అదే కోడు వస్తుంది. స్కానర్ తీసి కోడు చదివి, వెంటనే కన్వర్టర్ మార్చమనే చోట నుంచి కారు వెనక్కి తీసుకురండి.

కన్వర్టర్ తీసేస్తే మైలేజీ, పికప్ పెరుగుతాయంటున్నారు?

బాగున్న కన్వర్టర్ తీస్తే మామూలు డ్రైవింగులో మీకు తెలిసేంత తేడా ఏమీ రాదు. మూసుకుపోయినది తీస్తే తేడా వస్తుంది. ఆ తేడా చూసే ఈ ప్రచారం పుట్టింది. తీసేశాక లైటు వెలుగుతుంది, పొగ పరీక్షలో తప్పుతుంది, వెనక వచ్చేవారి కళ్లు మండుతాయి. ఇక తీసిన కన్వర్టర్ ఎక్కడికి పోతుంది? ప్లాటినం, పల్లాడియం కొనేవాళ్ల దగ్గరకు. తీసేయమని సలహా ఇచ్చినవారు పాత ముక్కను మీకు తిరిగి ఇస్తారో లేదో అడిగి చూడండి, సలహా బరువెంతో తెలిసిపోతుంది.

పెద్ద చప్పుడు వచ్చే సైలెన్సర్ వేయిస్తే శక్తి పెరుగుతుందా?

చప్పుడు పెరుగుతుంది. వెనక డబ్బాలో చిల్లుల గొట్టాలు, గదులు ఉంటాయి. ధ్వని తరంగాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొన్నింట్లో గాజు ఊలు మిగతా చప్పుడును పీల్చుకుంటుంది. ఇవన్నీ కొంత అడ్డు కలిగిస్తాయి, నిజమే. కానీ కంపెనీవాళ్లు గొట్టం వ్యాసం, పొడవు ఆ ఇంజిన్‌కు లెక్కగట్టి పెడతారు. లావు గొట్టం వేస్తే వాయువు వేగం తగ్గి, సిరిపురం నుంచి జగదాంబ దాకా మనం నడిపే తక్కువ వేగంలో లాగుడు ఇంకా తగ్గే అవకాశం ఉంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

చప్పుడునుబట్టి ఏం పాడైందో చెప్పవచ్చా?

చాలావరకు. చల్లని ఇంజిన్ మీద టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ గ్యాస్కెట్ లేదా పగులు. లోహం వేడికి వ్యాకోచించి సందు మూస్తుంది కాబట్టి మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి చప్పుడు మాయమవుతుంది. కారును రాత్రి అక్కడే వదిలి, పొద్దున స్టార్ట్ చేయమనండి. గేరు మార్చినప్పుడు కింద రేకు గిలకొట్టినట్టుంటే వేడి కవచం బోల్టు ఊడింది. కన్వర్టర్‌లో గులకరాళ్లు ఆడినట్టుంటే పింగాణీ పగిలింది. కారంతా బొయ్యిమని మారుమోగితే వెనక డబ్బా చిల్లు.

పొగ రంగు మారింది. దాని అర్థమేమిటి?

నీలం: ఆయిలు మండుతోంది. నలుపు: పెట్రోలు కారులో ఇంధనం మోతాదు మించింది, డీజిల్ కారులో గాలి చాలడం లేదు లేదా ఇంజెక్టర్ కారుతోంది. చలికాలం పొద్దున పలచని తెలుపు: ఆవిరి. వేడెక్కాక కూడా ఆగని దట్టమైన తెలుపు, తియ్యటి వాసన: హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంటు మండుతోంది, కారు నడపకండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంధనంలోని గంధకం కన్వర్టర్‌లో హైడ్రోజన్ సల్ఫైడుగా మారుతోంది. ఇంధనం మోతాదు మించిందేమో చూపించండి.

సెల్లారులో ఏసీ వేసుకుని కారులో కూర్చుంటే నిజంగా ప్రమాదమా?

ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం మేము నవ్వకుండా జవాబిస్తాము. అవును, ప్రమాదమే. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, తర్వాత మత్తు. నిద్రపోయినవారికి ఈ లక్షణాలు తెలిసే అవకాశం కూడా ఉండదు.

అపార్ట్‌మెంటు సెల్లారులో గాలి కదలదు. స్టార్ట్ చేసిన వెంటనే కన్వర్టర్ చల్లగా ఉంటుంది కాబట్టి విషవాయువు అప్పుడే ఎక్కువ. ఏసీ దాన్ని పుట్టించదు, కానీ బయట పేరుకున్న గాలిని లోపలికి లాగవచ్చు. గొట్టం కారు మధ్యలో చిల్లుపడి ఉంటే వాయువు మీ కాళ్ల కిందే పోగవుతుంది. కరెంటు పోయిందని సెల్లారులో కారు ఏసీలో పిల్లలను పడుకోబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సామాను పట్టక డిక్కీ తెరిచి నడిపితే కారు వెనక ఏర్పడే సుడి వాయువును లోపలికే తెస్తుంది, అద్దాలు దించి నడపండి. కారులో పొగ వాసన వస్తున్నా, ఎక్కిన ప్రతిసారీ తలనొప్పి వస్తున్నా ముందు సైలెన్సర్ చూపించండి.

అరకు వెళ్లేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవాల్సిందేమైనా ఉందా?

అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద భారం ఎక్కువ, కన్వర్టర్ బాగా వేడెక్కుతుంది. కాఫీ తోటల దగ్గర ఫొటోల కోసం ఆపేటప్పుడు ఎండుగడ్డి, రాలిన ఆకుల మీద నిలపకండి. అడుగు వేడికి అంటుకోవచ్చు. రోడ్డు అంచు రాళ్లకు అడుగు తగిలితే దిగి చూడండి, నొక్కుకుపోయిన గొట్టం కారు లాగుడును తినేస్తుంది.

డీజిల్ కారులో డీపీఎఫ్ (మసిని పట్టే వడపోత) లైటు వెలిగింది. ఏం చేయాలి?

బీఎస్-6 (భారత్ స్టేజ్) కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాక డీజిల్ కార్లకు మసిని పట్టే వడపోత తప్పనిసరి అయినట్టే. డీజిల్‌లో గంధకం కూడా పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది. ఆ వడపోత నిండినప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ పోసి, వాయువును 600 డిగ్రీల దరిదాపులకు వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం సిగ్నళ్ల మధ్యే తిరిగే కారుకు ఆ అవకాశం దొరకదు. కాలడం మొదలయ్యేలోపే మీరు ఇల్లు చేరి కారు ఆపేస్తారు.

లైటు వెలిగితే ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు వరుసల హైవే ఎక్కి, కారు పుస్తకంలో రాసిన వేగంతో సుమారు ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. తరచూ సగంలో ఆపేస్తే మండని డీజిల్ ఇంజిన్ ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పుల్ల మీద మట్టం తగ్గడానికి బదులు పెరిగిందంటే అదే కారణం, వెంటనే ఆయిలు మార్పించండి. నీలం మూత ఉన్న డీఈఎఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) వేరే సంగతి. అది 32.5 శాతం యూరియా కలిపిన నీరు, నైట్రోజన్ ఆక్సైడులను తగ్గించడానికి. దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే స్టార్ట్ చేయకుండా ఫోను చేయండి. ఊరిలో రోజుకు ఐదారు కిలోమీటర్లే తిరిగేవారు డీజిల్ కారు కొనకపోవడమే మేలని మా అభిప్రాయం.

వానకు నీరు నిలిచిన రోడ్డులో గొట్టం మునిగితే ఇంజిన్ పోతుందా?

ఇంజిన్ నడుస్తున్నంతసేపు వాయువు నీటిని నెట్టేస్తుంది. ఇంజిన్‌ను చంపేది ముందువైపు గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరడం. మొదటి గేరులో, ఒకే వేగంతో, ఆపకుండా దాటండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకండి, తోయించి బయటికి తెచ్చి తనిఖీ చేయించండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలి? పరీక్షలో ఏం చూస్తారు?

కొత్త కారుకు రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాత. బీఎస్-4, బీఎస్-6 కార్లకు ఆపైన ఏడాదికోసారి, అంతకు ముందువాటికి ఆరు నెలలకోసారి. బీఎస్-4, ఆపై పెట్రోలు కారు నిదానంగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లకు 200 దాటకూడదు. డీజిల్‌కు పొగ సాంద్రత చూస్తారు. సర్టిఫికెట్ లేకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పరీక్షకు వెళ్లేముందు కొంత దూరం నడిపి వెళ్లండి. కన్వర్టర్ వేడెక్కకుండా వెళితే బాగున్న కారు కూడా తప్పవచ్చు.

ఒక్క కారు పొగతో ఊరికేమవుతుంది? ఫ్యాక్టరీల పొగ ముందు ఇదెంత?

ఫ్యాక్టరీల వాటా గురించి వాదించం. కానీ ఈ ఊరు ఉన్న చోటు చూడండి. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, నడుమ పళ్లెం లాంటి పల్లంలో రేవు, రిఫైనరీ, పాత పట్నం. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక, పైన వెచ్చని పొర మూతపడినప్పుడు కింద వదిలినది కిందే ఉంటుంది. కారు గొట్టం మనిషి మోకాలి కంటే కింద పొగ వదులుతుంది, బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లవాడి ముక్కుకు ఫ్యాక్టరీ చిమ్నీ కంటే అదే దగ్గర.

పాత కారు కొంటున్నాము. సైలెన్సర్ విషయంలో ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తామని ముందే చెప్పండి. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అడగండి. స్టార్ట్ చేసి, గొట్టం కొసను మందపాటి తడిగుడ్డతో రెండు మూడు సెకన్లు అదిమి పట్టండి. ఒత్తిడి బలంగా తగిలితే గొట్టం బాగుంది, మధ్యలో ఎక్కడో బుస్సుమంటే లీకు ఉంది. కారు కింద ఫోను టార్చి వేసి కన్వర్టర్ ఉన్న చోట చూడండి, డబ్బాకు బదులు కొత్త వెల్డింగ్ మచ్చలతో తిన్నని గొట్టం కనిపిస్తే బేరం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంటులో ఉన్న కారైతే వెనక డబ్బా కొత్తది వేయించుకునే ఖర్చును ముందే ధరలో తగ్గించి అడగండి.